బొమ్మ ఎప్పుడు పడుతుంది?

వచ్చే నెల మా కమ్యూనిటీ సినిమా హాల్లో మూడు శనివారాలు మూడు బొమ్మలు వేస్తున్నాం: బస్టర్ కీటన్ మూకీ కామెడీ ‘షెర్లాక్ జూనియర్’, జపాన్ దర్శకుడు కురొసావా ‘రషోమన్’, సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’. లిస్టు బయటపెట్టిన దగ్గర్నుంచి పాఠకుల ఉత్తరాలు ఆగడం లేదు. ఒకప్పుడు రీళ్లు తిప్పిన ఆపరేటర్ని, ఇప్పుడు అదే క్యాబిన్‌లో వాలంటీర్ని. నాకు తెలిసినంతలో చెబుతాను.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. మాటల్లేని సినిమాకి తీసుకొస్తే మధ్యలో గోల చేస్తాడేమోనని టెన్షన్. తీసుకురావచ్చా?

ధైర్యంగా తీసుకురండి. ‘షెర్లాక్ జూనియర్’ మొత్తం 45 నిమిషాలే. 1924లో తీసింది. అందులో కీటన్ కూడా ప్రొజెక్టర్ ఆపరేటరే. బొమ్మ ఆడుతుండగానే క్యాబిన్‌లో నిద్రపోతాడు (నేను ఎప్పుడూ పోలేదు, ఒక్కసారి తప్ప). కలలో లేచి, హాల్లోంచి నడుచుకుంటూ వెళ్లి తెరలోకి ఎక్కేస్తాడు. అక్కడ మనిషి అలాగే ఉంటాడు, చుట్టూ సీన్ మారిపోతుంటుంది. బెంచీ మీద కూర్చోబోతే బెంచీ ఉండదు. సముద్రంలోకి దూకితే మంచుగుట్టలో తల ఇరుక్కుంటుంది. ఇది అర్థం కావడానికి పిల్లలకి మాటలెందుకు?

రైలు మీద పరిగెత్తి నీళ్ల ట్యాంకు గొట్టం పట్టుకుని వేలాడే సీన్ వచ్చినప్పుడు పెద్దవాళ్లు జాగ్రత్తగా చూడండి. ఆ నీటి ధాటికి కిందపడి కీటన్ మెడ ఎముక విరిగింది. ఆ సంగతి ఆయనకే తెలియదు. కొన్నేళ్ల తర్వాత డాక్టర్ చెబితే తెలిసింది.

ఆ రోజు సంగీతం హాల్లోనే, తెర పక్కన కూర్చుని కీబోర్డు మీద వాయిస్తారు. బాబుని ఆ వైపు కుర్చీలో కూర్చోబెట్టండి.

ప్రశ్న: పోయిన నెల గంటసేపు కూర్చోబెట్టి షో క్యాన్సిల్ అన్నారు. ప్రొజెక్టర్ బాగానే వెలిగింది కదా! అసలేమైంది?

తప్పు మాదే. ఇప్పుడు సినిమా రీళ్లలో రాదు, హార్డ్ డిస్క్‌లో డీసీపీ అనే డిజిటల్ ఫైళ్లుగా వస్తుంది. దానికి మామూలుగా తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తీసే కీ విడిగా పంపిస్తారు. ఒక కీ ఒక్క సర్వర్‌కే, అంటే ఆ ఫైళ్లని ఆడించే ఒక్క యంత్రానికే, పనిచేస్తుంది. అది కూడా వాళ్లిచ్చిన టైములోపే. మేం సర్వర్ మార్చి రెండు వారాలైంది. కీ కోసం రాసేటప్పుడు మాత్రం పాత సర్వర్ సర్టిఫికెట్టే (దాని గుర్తింపు కార్డు లాంటిది) పంపాం. వాళ్లు దానికి తగ్గట్టు కీ చేసి ఇచ్చారు. సాయంత్రం కొత్త సర్వర్‌లో ఎక్కిస్తే తెర మీద ఎర్ర గుర్తు తప్ప ఏమీ లేదు. శనివారం సాయంత్రం కదా, ఫోన్ ఎత్తే మనిషి ఎక్కడ దొరుకుతాడు?

రీళ్ల రోజుల్లో ఈ బాధ లేదు. ఫిల్ము తెగితే ఫిల్ము సిమెంటు అనే జిగురు పూసి అతికించేవాళ్లం, రెండు ఫ్రేములు పోయేవి, జనం ఈలలు వేసేవాళ్లు, బొమ్మ మళ్లీ నడిచేది. ఇప్పుడు అతికించడానికి చేతిలో ఏమీ ఉండదు. అందుకే ఇకనుంచి షోకి రెండు రోజుల ముందే కీ తెప్పించి, మొదటి పది నిమిషాలు వేసి చూస్తాం. వచ్చే నెల మూడు సినిమాలకీ కీ టైము ఆ టెస్టు కూడా కలిసేలా అడిగాం.

ప్రశ్న: మీ తెర మీద రెండు వైపులా నల్లటి ఖాళీ వదిలేస్తున్నారు. బొమ్మని సాగదీసి తెర నిండా వేయొచ్చుగా?

వేయొచ్చు. అప్పుడు ‘రషోమన్’లో బందిపోటుగా వేసిన మిఫునే మొహం గుమ్మడికాయలా కనిపిస్తుంది. ఆ సినిమా 1950 నాటిది, బొమ్మ వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లు మాత్రమే. అడ్డంగా సాగదీస్తే మనుషులు లావవుతారు, నిండుగా వచ్చేలా పెద్దది చేస్తే తలలూ కాళ్లూ తెగిపోతాయి. ఈసారి పక్కల ఉన్న నల్ల పరదాలు బొమ్మ అంచుదాకా లాగి కడతాం. ఖాళీ అనిపించదు.

ప్రశ్న: ‘పథేర్ పాంచాలి’ చిన్నప్పుడు చూశాను. గీతలు, చుక్కలు, వాన పడుతున్నట్టు ఉంది. మీరు వేసేదీ అదేనా?

కాదండీ. ఆ వాన పోవడం వెనక పెద్ద కథ ఉంది. 1955 నాటి ఆ సినిమా ఒరిజినల్ నెగటివ్ 1993లో లండన్‌లో ఒక ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. పూర్తిగా బూడిద కాలేదు, అంచులు కాలి, ముడుచుకుని, పెళుసుబారిన ముక్కలు మిగిలాయి. వాటిని పారేయకుండా దాచారు. ఏళ్ల తర్వాత ఇటలీలోని బొలోన్యా ల్యాబ్‌లో ఆ ఫిల్ముకి మళ్లీ తేమ పట్టించి, మెత్తబరిచి, అంటుకున్న మైనం, జిగురు చేత్తో తీసి, పక్క రంధ్రాలు కొత్తగా కట్టి స్కాన్ చేశారు. దాదాపు 40 శాతం నెగటివ్ వాడుకోగలిగారు. మిగతాది వేరేచోట దొరికిన కాపీల నుంచి కలిపారు. ఆ కొత్త ప్రతి 2015లో బయటికొచ్చింది. మేం వేసేది అదే.

ఫిల్ము పట్టుకున్న చేతులు కాబట్టి చెబుతున్నా. కాలిన ఫిల్ము వేలు తగిలితే విరుగుతుంది. దాన్ని అడుగు అడుగునా చేత్తో సరిచేయడమంటే ఎంత ఓపికో నేను ఊహించగలను. రైలు సీన్‌లో ఆ తెల్లటి గడ్డి పూలు చూసేటప్పుడు ఒక్కసారి ఇది గుర్తుచేసుకోండి.

ప్రశ్న: నా దగ్గర ఓటీటీ చందా ఉంది. మంచి ప్రొజెక్టర్ కూడా కొన్నాను. మా అపార్ట్‌మెంట్ వాళ్లందరికీ ఉచితంగా సినిమా వేస్తే తప్పేంటి? మీరూ అలాగే వేస్తారా?

అలా వేయం. మీరు కట్టే చందా ఇంట్లో, మీ వాళ్లతో చూసుకోవడానికి. పదిమందిని పిలిచి వేస్తే అది ప్రదర్శన కిందికి వస్తుంది. టికెట్ లేదు కదా అనే మాట చెల్లదు. కొన్న డీవీడీకీ ఇదే వర్తిస్తుంది. హక్కులున్నవాళ్లకి రాసి, అనుమతి తీసుకుని వేసుకోవాలి. రుసుము కన్నా హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో కనుక్కోవడమే కష్టం. నిర్మాత పోయి, కంపెనీ మూతపడి, వారసులు తలో చోట ఉన్న సినిమా కోసం నేను ఎనిమిది నెలలు ఉత్తరాలు రాశాను. చివరికి వదిలేశాం. ఇంకో మాట. సినిమా పాతదై కాపీరైట్ అయిపోయినా, దానికి ఈమధ్య చేసిన సంగీతానికి వేరే హక్కులు ఉంటాయి. కీటన్ సినిమాకి మా కీబోర్డు పెట్టుకోవడానికి అదీ ఒక కారణం.

ప్రశ్న: ఇంటర్వెల్ ఉందా?

లేదు. ‘రషోమన్’ గంటన్నర కూడా ఉండదు. ఇంటర్వెల్ కావాలంటే అదే కురొసావా తీసిన ‘సెవెన్ సమురాయ్’ వేసినప్పుడు రండి. మూడున్నర గంటల సినిమా, మధ్యలో విరామం ఆయనే పెట్టాడు.

ప్రశ్న: సబ్‌టైటిల్స్ చదువుతుంటే బొమ్మ మిస్సవుతున్నాను. ఏం చేయాలి?

వెనక వరసకి మారండి. ముందు కూర్చుంటే కన్ను పైకీ కిందికీ తిరగాలి. వెనకైతే రెండూ ఒక్క చూపులో పడతాయి.

ప్రశ్న: రిటైరయ్యాను, శనివారాలు ఖాళీ. సాంకేతికం ఏమీ తెలియదు. ఏదైనా పని ఉంటుందా?

బోలెడు. షోకి గంట ముందు రండి. కుర్చీలు వేయాలి, పరదాలు కట్టాలి. అన్నిటికన్నా మాకు కావాల్సింది తలుపు దగ్గర మనిషి. లైట్లు ఆర్పాక వచ్చేవాళ్లకి టార్చి నేలవైపు పెట్టి, కాళ్లు తొక్కకుండా సీటు చూపించాలి. టార్చి మేమిస్తాం. చప్పుడు చేయని చెప్పులు మాత్రం మీవే.