కడుపుతో ఉన్నప్పుడు లాపరోస్కోపీ చేస్తే హార్మోన్లు దెబ్బతింటాయా?

మూడో నెలలో ఉన్న మీ చెల్లెలికి లాపరోస్కోపీతో, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ, అపెండిక్స్ తీయాలన్నారనీ, పొట్టలోకి ఎక్కించే గ్యాస్ వల్ల హార్మోన్లు పాడై గర్భం నిలవదని బంధువులు అంటున్నారనీ అడిగారు. నాకు ఎనిమిదో వారంలో, తిరుపతిలోనే, ఈ పద్ధతిలో ఆపరేషన్ జరిగింది కనుక చెబుతున్నాను: అడగవలసింది గ్యాస్ గురించి కాదు, ఏ అవయవాన్ని ముట్టుకుంటున్నారు, అది ఎన్నో వారం అన్న సంగతి.

గ్యాస్ ఒత్తిడికి, నొప్పికి, చీము పట్టిన అపెండిక్స్‌కు కూడా ఒంట్లో కార్టిసాల్, అడ్రినలిన్, వాసోప్రెసిన్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. అయితే ఆ పెరుగుదల తాత్కాలికం, పైగా తల్లి కార్టిసాల్‌లో చాలా భాగాన్ని మాయలోని ఒక ఎంజైమ్ బిడ్డకు చేరకముందే పనిచేయని కార్టిసోన్‌గా మార్చేస్తుంది. గ్యాస్ ఒత్తిడిని 10 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంచి, ఊపిరిలో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను మత్తు డాక్టరు చూస్తూనే ఉంటారు. నా లెక్కలో గ్యాస్ కంటే థియేటర్ గుమ్మం దగ్గరి ఏడుపులే ఎక్కువ అడ్రినలిన్ పుట్టిస్తాయి: మా ఆడపడుచు స్ట్రెచర్ పట్టుకుని శోకాలు మొదలుపెట్టగానే, వేలికి తగిలించిన క్లిప్పు చూపిస్తున్న నా నాడి 88 నుంచి 126కి ఎగబాకడం నేనే కళ్ళారా చూశాను.

నా విషయంలో అసలు చిక్కు వేరే. కుడి అండాశయం మెలి తిరిగింది. దాని మీద నుంచి తీసేసిన తిత్తి, గర్భం నిలవడానికి మొదట్లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తయారు చేసే కార్పస్ లూటియమే. మాయ ఆ పనిని అందుకునేది దాదాపు ఏడు నుంచి తొమ్మిది వారాల మధ్య కనుక, పదో వారానికి ముందే ఆ తిత్తిని తీస్తే ప్రొజెస్టెరాన్‌ను మందుగా ఇస్తారు. ఈ నాలుగు ముక్కలు నాకు ఎవరూ చెప్పలేదు. ఆరు చోట్ల సంతకాలు పెట్టించుకున్న ఆసుపత్రివారు, డిశ్చార్జి కాగితం మీద చీమలు పాకినట్లున్న ఒక గీతతో సరిపెట్టారు. ఇంటికి వెళ్ళాక మా అత్తగారు మాత్రల అట్ట తిప్పి చూసి, ‘ఏమ్మే, ఇన్ని మింగితే వేడి చేస్తుంది, నిలిపెయ్’ అని, దాన్ని తీసుకుపోయి దేవుని గూట్లో, తిరుమలకు కట్టిన ముడుపు పక్కన పెట్టేశారు. ఒక రాత్రి మాత్ర తప్పింది. మర్నాడు కుట్లు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు నర్సమ్మ ఆ మాత్ర దేనికో విడమరిచి చెబితే, ఆటోలో చంద్రగిరి చేరేదాకా అత్తగారు నోరు విప్పలేదు.

మీ చెల్లెలికి తీసేది అపెండిక్స్ మాత్రమే అయితే ప్రొజెస్టెరాన్‌కు వచ్చే ముప్పు లేదు. అది లోపల పగిలేదాకా ఆలస్యం చేయడమే బిడ్డకు అసలు ప్రమాదం. అండాశయాన్ని కూడా ముట్టుకోవలసి వస్తే మాత్రం, ప్రొజెస్టెరాన్ అవసరమా, ఎన్ని వారాలు అని సంతకానికి ముందే అడగండి. మా ఇంట్లో ఆ తరువాత రాత్రి తొమ్మిదింటికి మాత్ర, నీళ్ళ చెంబు పట్టుకుని వచ్చింది అత్తగారే.