రాళ్ల దారిలో బండి మీ చేతుల్లోనే ఉండనివ్వండి

ప్రశ్న: మా పుట్టిల్లు సాలూరు. పెళ్లయ్యాక కోరాపుట్ జిల్లా సెమిలిగుడలో ఉంటున్నాం. మా ఆయనకి సునాబెడలో ఉద్యోగం. ఆదివారాలు స్నేహితులతో దేవమాలి చుట్టుపక్కల మట్టిదారుల్లో బైక్ మీద తిరుగుతారు. నాకూ సరదా ఉందని గమనించి పోయినేడాది నా పేరు మీదే ఎక్స్‌పల్స్ బైక్ కొన్నారు. తారు రోడ్డు మీద ఏ భయమూ లేదు. మట్టి, రాళ్లు వచ్చాయంటే చేతులు బిగుసుకుపోతాయి. అలాంటి చోట మా ఆయన దిగొచ్చి నా బండిని తానే దాటించి ఇస్తారు. మూడు వారాల కిందట ఒక దిగుడులో పడ్డాను. మా మరిది అది వీడియో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, అందరూ నవ్వారు. అప్పట్నుంచి మామయ్యగారు బండి అమ్మేయమంటున్నారు. గతుకుల్లో తిరిగితే గర్భసంచి జారిపోతుందని అత్తయ్య టెన్షన్. మాకు ఆరేళ్ల బాబు. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, రెండు కాళ్లూ నేలకి ఆనవు. ఎడమ మణికట్టు ఇంకా నొప్పిగానే ఉంది, బొటనవేలు మొదట్లో. ఇది నావల్ల అయ్యే పని కాదేమో, మానెయ్యమంటారా?
– ఒక సోదరి, సెమిలిగుడ

జవాబు: అమ్మా, ముందు ఆ చెయ్యి చూపించుకోండి. మిగతావన్నీ తర్వాత.

అరచెయ్యి ఆనించి పడినప్పుడు బొటనవేలి మొదట్లో ఉండే చిన్న ఎముక చిట్లడం మామూలే. మొదటి ఎక్స్‌రేలో అది ఒక్కోసారి కనపడదు. బెణికిందిలే అని వదిలేస్తే ఆ ఎముక అతుక్కోకుండా ఉండిపోయి, ఏళ్ల తరబడి బాధపెడుతుంది. మూడు వారాలైనా నొప్పి తగ్గలేదంటే ఎముకల డాక్టర్ చూడాల్సిందే. కోరాపుట్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లినా సరే, పుట్టింటికి వచ్చినప్పుడు విజయనగరంలో చూపించుకున్నా సరే. 'బొటనవేలి మొదట్లో నొక్కితే నొప్పి' అని డాక్టరుకి ఈ మాటల్లోనే చెప్పండి. క్లచ్ పట్టేది ఆ చేత్తోనే కదా. పడ్డాక మీ భయం పెరిగి ఉంటే, అందులో సగం ఈ నొప్పి వల్ల కావచ్చు. చేతికి పట్టు లేదని ఒంటికి తెలుస్తుంది. దాన్ని పిరికితనం అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ఇక మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగిన వాక్యం మామయ్యగారిదీ కాదు, అత్తయ్యదీ కాదు. 'మా ఆయన దిగొచ్చి నా బండిని తానే దాటించి ఇస్తారు' అన్నారు చూశారా, అక్కడ ఆగాను. ఆయన ప్రేమ మీద నాకు అనుమానం లేదు. భార్య సరదా కనిపెట్టి, ఆవిడ పేరు మీద బండి కొన్న మనిషి ఆయన. కానీ ఈత నేర్పేవాడు చెరువులో లోతు వచ్చినప్పుడల్లా పిల్లని ఎత్తుకుంటే ఆ పిల్లకి ఈత ఎప్పుడొస్తుంది? సులువైన దారంతా మీరు నడిపి, కష్టమైన పది గజాలూ ఆయనకి అప్పగిస్తుంటే, 'ఈ చోటు నాది కాదు' అన్నది ఒక్కటే మీ చేతులకి తెలుస్తుంది. అందుకే అలాంటి చోటు దూరం నుంచి కనపడగానే బిగుసుకుంటున్నాయి. ధైర్యం లేక ఆయన సాయం అవసరమవుతోందని మీరిద్దరూ అనుకుంటున్నట్టున్నారు. నాకు మాత్రం ఆ సాయమే మీకు ధైర్యం రాకుండా చేస్తోందనిపిస్తోంది.

ఆదివారం బయల్దేరే ముందు కాదు, ఏ రాత్రో భోజనాలయ్యాక తీరిగ్గా ఆయనతో మాట్లాడండి. 'నేను అడిగితే తప్ప నా బండి ముట్టుకోవద్దు. పక్కన నిలబడండి చాలు, అరిచి చెప్పొద్దు' అనండి. కష్టమైన చోటు వచ్చినప్పుడు మీ ముందు మూడు దారులుంటాయి. నడిపి దాటొచ్చు. లేదా దిగి, బండికి ఎడమ పక్కన నిలబడి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, మొదటి గేరులో హాఫ్ క్లచ్ మీద (క్లచ్ సగమే వదిలి) బండి పక్కనే నడుస్తూ దాటించొచ్చు. రెండూ వద్దనిపిస్తే బండి తిప్పుకుని వెనక్కి రావచ్చు. పక్కన నడిచి దాటించడంలో చిన్నతనం ఏమీ లేదు, ఆరితేరినవాళ్లూ చేస్తారు. మూడింట్లో ఏదైనా నిర్ణయం మీదే అయితే చాలు, అక్కణ్ణుంచి ధైర్యం మొదలవుతుంది. గుంపులో ఆయన స్నేహితులు ముందు ఆగి మీ కోసం ఎదురుచూస్తుంటే కంగారొస్తుంది. అందుకని కొన్నాళ్లు గుంపుతో వెళ్లకండి, మీరిద్దరే వెళ్లండి. ఒంటరిగా మాత్రం మట్టిదారుల్లోకి వెళ్లొద్దు. ఆ లోయల్లో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు.

నేర్చుకునే చోటు కూడా మార్చండి. దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ, 1,672 మీటర్లు. నేర్చుకునేవాళ్లకి ఆ దిగుడులే దిక్కని ఎవరన్నారు? డాక్టర్ సరేనన్నాక, పొద్దున్నే ఖాళీగా ఉండే ఒక గడ్డి మైదానం చూసుకోండి. అక్కడ మొదట నేర్చుకోవాల్సింది పడిన బండిని లేపడం. మీ బండి బరువు సుమారు 158 కిలోలు. చేతులతో లాగితే నడుం పడుతుంది. ఇంజన్ ఆపి, గేరులో ఉంచి, కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండ్ తీసి పెట్టుకోండి. సీటుకి వీపు ఆనించి గొంతుక్కూర్చోండి. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడుస్తూ తోయండి. బలమంతా తొడలదే. మొదట్లో ఆయన్ని రెండో వైపు పట్టమనండి. సగం బరువైనా మీరే ఎత్తాలి. పడినా లేపుకోగలను అని ఒంటికి తెలిశాక పడడం మీద భయం తనంతట తనే తగ్గుతుంది. ఎవరెన్ని మంచి మాటలు చెప్పినా ఆ పని చేయలేవు.

తర్వాత నిలబడి నడపడం. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, మోకాళ్లతో ట్యాంకుని పట్టుకోండి. అప్పుడు చేతుల మీద బరువు ఉండదు, హ్యాండిల్ వదులుగా పట్టుకోవచ్చు. మీ చేతులు బిగుసుకోవడానికి భయంతోపాటు కూర్చునే తీరు కూడా కారణమై ఉంటుంది. రాయి కనపడగానే చూపు రాయి మీదే పెడితే బండి సరిగ్గా దాని మీదకే పోతుంది. రాయిని ఒకసారి చూసి, దాని పక్కనుంచి వెళ్లాలనుకున్న దారి మీదకి చూపు మార్చండి. దిగుడులో మొదటి గేరులో ఉంచి, క్లచ్ పూర్తిగా వదిలేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. వదులు కంకర మీద ముందు బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది. మీరు పడింది అలాగే అయ్యుండొచ్చు. కాళ్లు ఆనకపోవడం పెద్ద లోపం కాదు. ఆ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, చాలామంది మగవాళ్లకీ రెండు పాదాలూ పూర్తిగా ఆనవు. ఆగేటప్పుడు నేల ఎటు ఎత్తుగా ఉందో చూసుకుని, అటు కాస్త జరిగి ఒక్క పాదం పూర్తిగా ఆనిస్తే చాలు. మోకాళ్లకి, మోచేతులకి గార్డులు, చీలమండ దాటే బూట్లు, గ్లవ్స్, ఐఎస్ఐ హెల్మెట్ లేకుండా మట్టిలో దిగకండి. వానల్లో ఆ ఎర్రమట్టి సబ్బులా జారుతుంది, అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. వానలు తగ్గి, కొండలమీద వలిసెపూలు విరగబూసే రోజుల దాకా ఆగండి.

అత్తయ్యగారి మాట కొట్టిపారేయొద్దు. గర్భసంచి జారడానికి ముఖ్యమైన కారణాలు కాన్పులు, వయసుతో కండరాలు వదులవడం, వదలని దగ్గు, మలబద్ధకం, రోజూ మోసే బరువులు. వారానికోసారి బైక్ నడిపినందుకు జారిపోతుందని భయపడక్కర్లేదు. అయితే దగ్గినప్పుడు మూత్రం పడుతున్నా, కింద బరువుగా అనిపిస్తున్నా ఒకసారి లేడీ డాక్టర్‌కి చూపించుకోండి, బండి లేపే సాధన ఆ తర్వాతే. రెండో బిడ్డ ఆలోచన ఉంటే, గర్భం వచ్చిందని తెలిసిన రోజునుంచే మట్టిదారులు మానేయాలి. పడితే కడుపుకి దెబ్బ. ఇవన్నీ ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. వీలైతే డాక్టర్ దగ్గరికి ఆవిణ్ణి కూడా తీసుకెళ్లండి. ఆవిడ అసలు భయం పిల్లాడి తల్లికి ఏమన్నా అవుతుందనే కదా.

మామయ్యగారితో మాట్లాడాల్సింది మీరు కాదు, ఆయన కొడుకు. కొన్నది ఆయనే, తీసుకెళ్లిందీ ఆయనే. కోడలు మాట్లాడితే ఎదిరించినట్టు అవుతుంది, కొడుకు మాట్లాడితే ఇంటి విషయం మాట్లాడుకున్నట్టు ఉంటుంది. మరిదికి మాత్రం మీరే చెప్పండి, కోపం లేకుండా, సూటిగా: 'ఆ వీడియో తీసెయ్యి బాబూ. ఇకమీదట నన్నడక్కుండా పెట్టకు.' వదిన పడ్డది చూసి ఇంట్లో అందరూ నవ్వారంటే ఎంత చిన్నబోయి ఉంటారో నాకు అర్థమవుతుంది. ఆ చిన్నతనం మనసులో మోస్తూ బండి ఎక్కితే దారి మీద ధ్యాస నిలవదు.

'నావల్ల అయ్యే పని కాదేమో' అన్నారు. బెంగళూరుకి చెందిన బైక్ రేసర్ ఐశ్వర్య పిస్సే 2018లో స్పెయిన్‌లో ఒక రేసులో పడి లోపలి అవయవాలకి పెద్ద దెబ్బ తగిలించుకుంది. 2019లో ప్రపంచ బాహా ర్యాలీల (మట్టి, ఇసుక దారుల్లో సాగే పందేల) కప్పు మహిళల విభాగంలో గెలిచింది. ఆమె వృత్తే అది, మీరు ఆమెలా పందేలకి వెళ్లాలని కాదు. పడ్డంత మాత్రాన ఒక మనిషికి ఈ పని తగదని తేలిపోదు, అందుకే చెప్పాను. రెండు మూడు నెలలు మీ పద్ధతిలో నేర్చుకున్నాక కూడా సరదా కంటే బెంగే ఎక్కువుందనుకోండి, అప్పుడు హాయిగా మానేయండి. మామయ్యగారు అన్నారని, వీడియో చూసి నవ్వారని మాత్రం మానకండి.

బండి ఆర్‌సీ మీ పేరు మీదే ఉందన్నారు కాబట్టి అమ్మాలంటే యాజమాన్య మార్పు కాగితాలు ఫారం 29, 30 మీద సంతకం మీరే పెట్టాలి. చెయ్యి నయమయ్యేదాకా, వానలు వెనకబడేదాకా ఆ కాగితాల ఊసు ఎత్తొద్దని మీ ఆయనతో చెప్పండి. ఈలోగా వారానికోసారి ఇంటి ముందే స్టార్ట్ చేసి కాసేపు ఉంచండి, బ్యాటరీ దిగిపోకుండా.