ఒకే పులి పదిసార్లు కెమెరాలో పడితే పది పులులని లెక్కేస్తారా?

లేదండీ, అలా లెక్కేయరు. నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ వైపు సర్వే టీమ్‌తో తిరిగాను కాబట్టి చూసింది చెప్తా. ఏ రెండు పులులకీ చారలు ఒకేలా ఉండవు, అంతెందుకు ఒకే పులికి కుడి పక్క చారలు ఎడమ పక్కతో కలవవు. అందుకే బాటకి అటొకటి ఇటొకటి రెండు కెమెరాలు, మోకాలి ఎత్తులో, చెట్లకి చెయిన్ వేసి కడతారు. ఒక్కటే పెడితే ఇవాళ ఎడమ పక్క, రేపు కుడి పక్క ఫోటో వస్తుంది, అది ఒక పులో రెండో ఎవడు చెప్తాడు? రెండూ సరిగ్గా ఎదురెదురుగా పెట్టినా కష్టమే, ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని ఫోటోని తెల్లగా చేసేస్తుంది, కాస్త పక్కకి జరపాలి.

అసలు కెమెరా కట్టడం ఈజీ, ఎక్కడ కట్టాలన్నదే విద్య. మ్యాప్ మీద గడులు గీసుకుని వెళ్తాం గానీ ఆ గడిలో పులి ఏ బాటన నడుస్తుందో మాతో వచ్చిన చెంచు వాచర్లే చెప్పేవాళ్ళు, పులి గీరిన చెట్టు, వాగు ఇసకలో అడుగు, పులి పెంట, ఇవన్నీ నడుస్తూ నడుస్తూనే చూసేస్తారు, మనం అదే దారిలో వెళ్ళి ఏమీ కనిపించలేదంటాం.

ఎండాకాలం ఇంకో తలనొప్పి. ఈ కెమెరాలు వాటంతటవే క్లిక్ అయ్యేది సెన్సార్‌తో, అది పట్టేది ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా, మే నెల మధ్యాహ్నం నల్లమలలో ఆ తేడా ఎక్కడుంటుంది చెప్పండి! పైగా ఎండిన గడ్డి ఊగితే ఊరికే క్లిక్ అవుతూ ఉంటుంది, అందుకే ముందు గడ్డి కోసేయాలి. 2018 దేశవ్యాప్త లెక్కింపులో 26,838 చోట్ల కెమెరాలు పెడితే దాదాపు 3.48 కోట్ల ఫోటోలు వచ్చాయి, అందులో పులులవి 76,651. మిగతావన్నీ చిరుతలు, దుప్పులు, కోతులు, పశువులు, మనుషులు, ఖాళీ గడ్డి లాంటివే.

ఆ ఫోటోల్లో తేలిన వేరువేరు పులులు 2,461, కానీ ప్రకటించిన అంచనా 2,967. ఇది చూసి చాలామంది కాకిలెక్క అనుకుంటారు, కాదు. తెలిసిన పులులే మళ్ళీమళ్ళీ పడుతుంటే బయట మిగిలినవి తక్కువ, రోజూ కొత్త ముఖాలొస్తుంటే ఇంకా చాలా ఉన్నట్టు, ఆ లెక్క నుంచి కెమెరాకి దొరకనివాటిని అంచనా కడతారు. మన దగ్గర ఈ పద్ధతిని 1990ల్లో కర్ణాటకలోని నాగరహోళె అడవిలో పులుల శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ గారు మొదలుపెట్టారు. చిరుతకి మచ్చలతో ఇదే నడుస్తుంది, అడవిపందికీ ఎలుగుబంటికీ ఇలా కుదరదు.

అన్నట్టు శివరాత్రి ముందు నాగలూటి, పెచ్చెర్వు కాలిబాట వైపు కెమెరా పెడితే మాత్రం కార్డు నిండా శ్రీశైలం నడిచెళ్ళే శివస్వాములే :)