ఆదివారం ఐదింటికి గ్రౌండు దగ్గర: పరుగు, సైకిల్ క్లబ్బులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. తిరుపతిలో ఆదివారాలు పొద్దున్నే పరుగెత్తే బృందంలో చేరమని మా ఆడపడుచు పోరుతోంది. ఫీజు లేదట, వాట్సాప్ గ్రూపే క్లబ్బట. నేను బస్సు అందుకోవడానికి నాలుగడుగులు పరుగెత్తినా ఆయాసపడే మనిషిని. అందరికన్నా చివర మిగిలిపోతానేమోనని భయం. చేరేముందు ఏం చూసుకోవాలి?
— ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: మొదటి రెండు నెలలు చివరే వస్తారు. అందుకే వాళ్లను మొదట అడగాల్సింది, “చివర వచ్చేవాళ్లతో ఎవరుంటారు?” అని. మంచి బృందంలో ప్రతి ఆదివారం ఒకరికి ఆ వంతు పడుతుంది. ఆ మనిషిని స్వీపర్ అంటారు. ఆ రోజుకు తన వేగం పక్కనపెట్టి, అందరికన్నా వెనకున్నవారితో నడిచి, వాళ్లు చేరాకే ఇంటికి పోవాలి. “అందరం కలిసే వెళ్తాం లెండి” అన్నారంటే ఆ ఏర్పాటు లేదనే అర్థం. రెండో కిలోమీటరుకల్లా రోడ్డు మీద మీరూ వీధికుక్కలూ మిగులుతారు.

వాళ్లూ మిమ్మల్ని కొన్ని అడగాలి: బీపీ, షుగర్ ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు, ఏదైనా జరిగితే ఇంట్లో ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఇవేవీ అడక్కుండా టీషర్టు సైజు అడిగే బృందాన్ని కొంచెం అనుమానించండి. రెండు ఆదివారాలు ఊరికే వెళ్లి చూశాకే చేరండి. మెట్లెక్కితే ఛాతీ బరువెక్కడం, కళ్లు తిరగడం, బీపీ, షుగర్, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు, వీటిలో ఏ ఒక్కటున్నా ముందు డాక్టరు దగ్గరికే.

ఈలోపు వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విడిచి, ఇలా చెయ్యండి. ఐదు నిమిషాలు చురుగ్గా నడక. ఆపైన ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిదిసార్లు. చివర ఇంకో ఐదు నిమిషాలు నడక. మూడో వారం నుంచి రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, ఆరుసార్లు. పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. “ఊఁ”, “ఆఁ” తప్ప రాకపోతే వేగం ఎక్కువైనట్టే.

కొత్తవాళ్లు దెబ్బతినేది సాధారణంగా ఐదారు వారాలకు. ఆయాసం కొన్ని వారాల్లోనే తగ్గుతుంది, ఎముకలూ, కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువులూ గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఊపిరి ఆడుతోంది కదా అని దూరం పెంచేస్తారు, మోకాలి కింద ముందెముక నొప్పి మొదలవుతుంది. వేలితో నొక్కితే ఒక్కచోటే చురుక్కుమంటుంటే అది కండ నొప్పి కాదు. పరుగు ఆపేసి డాక్టరుకు చూపించుకోండి.

బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. అన్నిటికన్నా పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

ప్రశ్న: మా క్లబ్బువాళ్లు ప్రతి శనివారం అలిపిరి మెట్లు ఎక్కి దిగుదాం, కొండ పరుగుకు మంచి సాధన అంటున్నారు. మీరేమంటారు?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: దేవుడి కోసమైతే ప్రతి శనివారం వెళ్లండి, పోటీ సాధనకైతే వద్దు. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి 2.1 కిలోమీటర్లే, 2,388 మెట్లు, అంటే ఇంకా నిట్టనిలువు. రెండూ ముసలివాళ్లు, పిల్లలు, మోకాళ్లతో ఎక్కే మొక్కులవాళ్లు నడిచే దారులు. వాళ్ల మధ్య గడియారం చూసుకుంటూ ఇరవైమంది పరుగెత్తడం మర్యాద కాదు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడికి ఆరేళ్ల పాప బలైన సంగతి మరిచేది కాదు. వేళల విషయంలో టీటీడీ పెట్టే నిబంధనలు క్లబ్బులకూ వర్తిస్తాయి.

ఇంకో మాట. ఎక్కడంకన్నా దిగడమే తొడల్ని చంపుతుంది. దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే బరువు ఆపాలి, అందుకే రెండోరోజు కుర్చీలో కూర్చోవాలన్నా గోడ పట్టుకోవాలి. ఎక్కినవాళ్లు బస్సులో దిగడం తప్పేమీ కాదు. సాధనకు నాలుగంతస్తుల అపార్టుమెంటు మెట్లు చాలు: పది సార్లు ఎక్కి, నెమ్మదిగా నడుస్తూ దిగండి.

ప్రశ్న: గేర్ సైకిల్ కొని క్లబ్బులో చేరాను. వచ్చే నెల 60 కిలోమీటర్ల రైడుకు రమ్మంటున్నారు. నా వెనక టైరు రెండు వారాల్లో మూడుసార్లు పంక్చరైంది. ఏమిటి లోపం? తిండి, నీళ్ల సంగతి కూడా చెప్పండి.
— ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: మూడుసార్లూ ఒకేచోట పోయిందంటే ముల్లు టైరులోనే ఉంది. మన రోడ్ల పక్క కంపచెట్టు ముల్లు బయటివైపు తెగిపోతుంది, లోపల ఒకటి రెండు మిల్లీమీటర్ల మొన మిగులుతుంది. కంటికి కనిపించదు. మీరెక్కి కూర్చుంటేనే ట్యూబుకు గుచ్చుకుంటుంది.

ట్యూబు బయటికి తీసి గాలి కొట్టి, పెదవుల దగ్గర తిప్పండి. సన్నటి గాలి పెదవికి తెలిసినంతగా చెవికి తెలియదు. చిల్లు దొరికాక ట్యూబు వాల్వ్‌ను రిమ్ములోని వాల్వ్ రంధ్రానికి ఎదురుగా ఉంచి ట్యూబును టైరు పక్కన పెట్టండి, ముల్లు ఎక్కడుందో టైరే చూపిస్తుంది. అక్కడ లోపలివైపు పాత నూలుగుడ్డ రుద్దితే దారం తగులుకుంటుంది. వేలు పెట్టారో, చీరుకుంటుంది. నెయిల్ కట్టరుతో మొన లాగేయండి. ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా పూసి, మెరుపు పోయేదాకా ఆగి అప్పుడు ప్యాచ్ వెయ్యండి. తడిమీదే అంటించడం వల్లనే దారిలో వేసిన ప్యాచ్‌లు ఊడొస్తాయి.

పక్కపక్కన రెండు చిల్లులుంటే అది ముల్లు కాదు, గాలి తక్కువై గుంతలో రిమ్ము ట్యూబును నొక్కింది. చిల్లు రిమ్ము వైపుంటే, రిమ్ము లోపల స్పోకు రంధ్రాలను కప్పే టేపు జరిగింది. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. 35 మిల్లీమీటర్ల టైరు, 70 కిలోల మనిషి అయితే 55-60 పీఎస్ఐ, వెనక కాస్త ఎక్కువ. సన్నటి ప్రెస్టా వాల్వ్ అయితే పెట్రోల్ బంకు గొట్టం పట్టదు, చిన్న అడాప్టరు జేబులో ఉంచుకోండి.

60 కిలోమీటర్లంటే మూడు గంటలకు పైమాటే. బయల్దేరే గంట ముందు రెండు మూడు ఇడ్లీలు. ఆకలి వేసేదాకా ఆగకుండా మొదటి గంట తర్వాత గంటకో రెండు అరటిపళ్లు. చెనిక్కాయ ఉండలు రైడు అయ్యాకే, కొవ్వు అరగడానికి సమయం పడుతుంది. ఎండను బట్టి గంటకు అర నుంచి ముప్పావు లీటరు నీళ్లు. ఓఆర్‌ఎస్ లీటరు ప్యాకెట్టును అర లీటరు సీసాలో కలపడం అందరూ చేసే తప్పు. దాహం తీరదు సరికదా, కడుపు తిప్పుతుంది. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్లలో ఆరు సమానపు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు.

రేపు క్లబ్బులో “బీఆర్‌ఎం” అన్న మాట వింటారు. అంటే గడువులోగా పూర్తి చెయ్యాల్సిన దూరపు సైకిల్ రైడు. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో, 300 అయితే 20 గంటల్లో పూర్తి చెయ్యాలి. టిఫినుకు ఆగినా, పంక్చరేసుకున్నా గడియారం ఆగదు. కాబట్టి ప్యాచ్ వెయ్యడం ఇంట్లోనే నేర్చుకోండి.

ప్రశ్న: మేం పదిమంది కలిసి పరుగు, ట్రెక్కింగ్ క్లబ్బు పెట్టాలనుకుంటున్నాం. రిజిస్టర్ చెయ్యాలా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: వెంటనే అక్కర్లేదు. డబ్బు పోగవడం మొదలయ్యాక చెయ్యండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు ఉంటే చాలు. అంతవరకు నెలాఖరుకు లెక్క గ్రూపులో పెట్టండి. క్లబ్బులు విడిపోయేది పరుగు దగ్గర కాదు, అరటిపళ్ల బిల్లు దగ్గర.

ట్రెక్కింగ్ వేరే సంగతి. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కాపలా గట్టిగా ఉంటుంది. అటవీశాఖ అనుమతి లేకుండా అడుగుపెడితే నేరం. పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం అంచుల్లో ఏనుగులుంటాయి, తెల్లవారుజామునా చీకటిపడ్డాకా ఆ పక్కకు పోవద్దు. ఎక్కడికి వెళ్లినా బయల్దేరేటప్పుడు, తిరిగొచ్చాక పేర్లు చదివి లెక్క సరిచూడండి. పేరు పిలిస్తే ఎవరికి వాళ్లే పలకాలి, “వాడు వెనకొస్తున్నాడులే” అని పక్కవాళ్లు చెప్పే మాట లెక్కలోకి తీసుకోవద్దు.