రెండేళ్లలో రెండు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లు పోయాయి, మూడోదీ డిస్‌కనెక్ట్ అవుతోంది: కరెంటే కారణమా?

మీరు అడిగింది ఇది: కరెంటు తరచూ పోతోంది, రెండు డ్రైవ్‌లు ఇప్పటికే పాడయ్యాయి, ఇప్పుడున్నది ఫైళ్లు కాపీ అవుతుండగా మధ్యలో మాయమై మళ్లీ వస్తోంది, యూపీఎస్ కొంటే చాలా? నాకూ ఇలాంటి అనుభవాలు రెండున్నాయి. వాటిలో ఒక డ్రైవ్‌లో నాన్న గొంతు రికార్డింగులు ఉండేవి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మీది ఏ రకమో చూడండి. విడిగా అడాప్టర్ లేకుండా యూఎస్‌బీ కేబుల్‌తోనే నడిచే 2.5 అంగుళాల డ్రైవ్ అయితే, దాన్ని దెబ్బతీసేది ఎక్కువసార్లు ఎక్కువ కరెంటు కాదు, చాలని కరెంటు. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 ఇచ్చేది 900. లోపలి డిస్కు తిరగడం మొదలయ్యే క్షణాల్లో చాలా డ్రైవ్‌లు దాదాపు ఒక ఆంపియర్ దాకా లాగుతాయి. పొడవైన సన్న కేబులో, సొంత అడాప్టర్ లేని హబ్బో మధ్యలో ఉంటే అదీ పూర్తిగా అందదు.

నా చిన్న డ్రైవ్‌ను నేను ఆర్నెల్లు అలాంటి హబ్‌కే తగిలించి వాడాను. పెద్ద ఫైలు కాపీకి పెడితే కాసేపటికి టిక్ టిక్ మని శబ్దం, ఆ వెంటనే డిస్‌కనెక్ట్. డ్రైవ్ పోయిందనే అనుకున్నాను. పొట్టి కేబుల్ మార్చి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టగానే ఆగిపోయింది. కానీ అప్పటికే దానికి కొంత నష్టం జరిగింది. కరెంటు హఠాత్తుగా పోతే, ఇంకా తిరుగుతున్న డిస్కు ఊపుతోనే మోటారు క్షణకాలం జనరేటర్‌లా పనిచేసి, డేటా చదివే, రాసే హెడ్‌లను పక్కకి లాగి పెడుతుంది. అది ప్రాణాపాయంలో వేసే బ్రేకు లాంటిది, మామూలుగా ఆగడం కంటే హెడ్‌ల మీద చాలా ఎక్కువ భారం. డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాల్లో 192 నంబరు ఆ లెక్క చూపిస్తుంది. నాది అప్పటికే వందల్లో ఉంది.

ఇక అడాప్టర్‌తో నడిచే పెద్ద 3.5 అంగుళాల డ్రైవ్. నాన్న రికార్డింగులు ఇందులోనే ఉండేవి. దీనికి కావాల్సింది 12 వోల్టులు. ఇంట్లో ఒకరు పిన్ను సరిపోయింది కదా అని 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టర్ పెట్టారు. కాలిన వాసన వచ్చింది, డిస్కు తిరగలేదు. డేటా రికవరీ చేసే ఆయన డ్రైవ్ సర్క్యూట్ బోర్డు చూసి, ఎక్కువ వోల్టేజీని తన మీదికి తీసుకుని షార్ట్ అయ్యే రక్షణ డయోడ్ కాలిందని చెప్పి, దాన్ని తీసేసి సరైన వోల్టేజీతో నడిపి డేటా బయటికి తీశారు. అందరికీ ఇంత అదృష్టం ఉండదు. అదే మోడల్ బోర్డు తెచ్చి మార్చేస్తే చాలంటారు గానీ, ఆ బోర్డు మీది చిప్పులో ఆ డ్రైవ్‌కే సొంతమైన సెట్టింగులుంటాయి, వాటిని కొత్త బోర్డుకి మార్చకపోతే ఎక్కువ డ్రైవ్‌లు పనిచేయవు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్రతి అడాప్టర్ మీదా అది ఏ పరికరానిదో చీటీ అంటించి ఉంటుంది.

యూపీఎస్ సంగతి. పెద్ద డ్రైవ్‌కీ, డెస్క్‌టాప్ కంప్యూటర్‌కీ తప్పకుండా పెట్టండి. బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్‌కి నేరుగా తగిలించిన చిన్న డ్రైవ్‌కి అవసరం లేదు. స్టెబిలైజర్ మీద డబ్బు పెట్టకండి. ఈ అడాప్టర్లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, పైగా కరెంటు పోయినప్పుడు స్టెబిలైజర్ చేసేదేమీ లేదు. హఠాత్తుగా పెరిగే వోల్టేజీని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ మంచిదే గానీ, లోపలి భాగం దెబ్బ తిన్నకొద్దీ అరిగిపోతుంది. దాని రక్షణ లైటు ఆరిపోతే మార్చేయాలి.

రాస్తుండగా కరెంటు పోతే డిస్కు బాగానే ఉన్నా ఫోల్డర్లు కనిపించకుండా పోవచ్చు. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కి జర్నల్, అంటే చేయబోయే మార్పుల్ని ముందే రాసిపెట్టుకునే చిట్టా, ఉండదు కాబట్టి ఈ ప్రమాదం ఎక్కువ. విండోస్‌లోనే వాడేవాళ్లకు జర్నల్ ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ మేలు. ఇంకొకటి, సేఫ్‌గా ఎజెక్ట్ చేశాక కూడా డిస్కు తిరగడం ఆగేదాకా కొన్ని క్షణాలు ఆగి చేతిలోకి తీసుకోండి. హెడ్‌కీ డిస్కుకీ మధ్య ఖాళీ కొన్ని నానోమీటర్లే.

ఇప్పుడు మీ మూడో డ్రైవ్. ముందు కేబుల్ మార్చి, నేరుగా పోర్టుకి పెట్టి, అన్నిటికన్నా ముఖ్యమైన ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకోండి. అప్పటిదాకా చెక్‌డిస్క్ లాంటి రిపేర్లు వద్దు, చావుబతుకుల్లో ఉన్న డిస్కుని అవి మొత్తం గాలించి ఇంకా అలసిపోయేలా చేస్తాయి. కేబుల్ మార్చినా టిక్ టిక్ ఆగకపోతే వెంటనే తీసేయండి, మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి.

కాపీ అయ్యాక, స్మార్ట్ వివరాలు చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాంలో 5, 197, 198 నంబర్లు చూడండి (అక్కడ 05, C5, C6 అని ఉంటాయి), ఇవి డిస్కు మీద పాడైన, చదవలేకపోతున్న చోట్ల లెక్కలు. ఆ ప్రోగ్రాం అంకెల్ని హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది, 64 అని ఉంటే 100 అని అర్థం. సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. లక్షకు పైగా డ్రైవ్‌ల మీద గూగుల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, డిస్కును పరిశీలిస్తుండగా మొదటి లోపం (స్కాన్ ఎర్రర్) కనిపించిన డ్రైవ్‌లు 60 రోజుల్లోపు పాడయ్యే అవకాశం మిగతావాటికంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. పాడైన వాటిలో చాలావాటికి ముందుగా ఏ హెచ్చరికా రాలేదని కూడా అందులోనే ఉంది. కాబట్టి సున్నా చూసి రెండో కాపీ మానేయొద్దు.

197 ఎదురుగా ఎంత ఉందో ఇక్కడే రాయండి, దాన్ని బట్టి ఆ డ్రైవ్‌ని ఇంకా వాడొచ్చో లేదో చెప్తాను.