టెక్ సందేహాలు: మూడు రోజులు తియ్యకపోతే బ్యాటరీ డౌన్, యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లో కూత

ఈ వారం అన్నీ కారు కరెంటు సంగతులే. చదివే ముందు ఒక డిజిటల్ మల్టీమీటరు దగ్గర పెట్టుకోండి. నాలుగైదు వందల రూపాయలది చాలు, కానీ దానికి 10 ఆంపియర్ల డీసీ కొలిచే రంధ్రం విడిగా ఉండాలి. కింది ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఆ మీటరే చెబుతుంది.

ప్రశ్న: మాది విశాఖ సాగర్‌నగర్. కారు మూడు రోజులు తియ్యకపోతే నాలుగో రోజు సెల్ఫ్ కొట్టదు, టక్‌టక్‌మని ఊరుకుంటుంది. బ్యాటరీ కొని ఐదు నెలలే. మళ్లీ మార్చమంటున్నారు. పోయినేడు ఆండ్రాయిడ్ స్టీరియో, డ్యాష్ కెమెరా పెట్టించాం. తప్పు వాటిదేనా?

వాటిదే కావచ్చు. కానీ ఊహించి పార్టులు మార్చకండి, మూడు కొలతలు తీసుకోండి.

మొదటిది, రాత్రంతా ఆగిన బండి మీద ఉదయాన్నే, డోరు రిమోటు కూడా నొక్కక ముందు. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 లోపు అంటే అడుగంటినట్టే. రెండోది, ఇంజను నడుస్తుండగా. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటరు, అంటే మన మెకానిక్‌లు డైనమో అనేది, బాగానే ఛార్జి చేస్తోంది. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు వేసినా 13 దాటనంటే లోపం అక్కడే. ముందు బెల్టు వదులైందేమో చూడండి. కొన్ని కొత్త మోడళ్లలో కంప్యూటరే ఛార్జింగ్‌ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి చూసి తీర్పు చెప్పకుండా పది నిమిషాలు గమనించండి.

ఆ రెండూ సరిగా ఉన్నాయంటే, ఆగి ఉన్న బండిలోనే ఎక్కడో కరెంటు కారుతోంది. ఇక మూడో కొలత. బానెట్ ఎత్తండి. డ్రైవరు డోరు తెరిచి, తలుపు అంచున ఉన్న లాకు కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి మూసేయండి. అప్పుడు తలుపు తెరిచి ఉన్నా, వేసే ఉందని బండి అనుకుంటుంది, కింద ఉన్న ఫ్యూజు బాక్సు మీ చేతికి అందుతుంది. డోరు స్విచ్చి లాకులో కాకుండా తలుపు ఫ్రేములో ఉన్న పాత బండ్లలో ఆ బటన్‌ని టేపుతో అణిచిపెట్టండి. కీలెస్ బండి అయితే తాళం ఇంట్లో పెట్టి రండి. బ్యాటరీ మైనస్ క్లాంపు ఊడదీసి, మీటరు ఎర్ర వైరుని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ఒక మొన ఊడిన క్లాంపుకి, ఇంకోటి మైనస్ పోస్టుకి ఆనించండి. మొదట్లో ఒకటి రెండు ఆంపియర్లు చూపిస్తే కంగారు పడొద్దు, బండిలోని కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట దాకా పడుతుంది. మీటరు మధ్యలో ఉండగా ఇగ్నిషన్ వేయొద్దు, సెల్ఫ్ అసలే కొట్టొద్దు. సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్ల పైన లాగుతుంది, మీటరు మాడిపోతుంది.

అరగంట తర్వాత 0.05 ఆంపియర్లు, అంటే 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉంటే మామూలే. అంతకు మించితే లెక్క చూడండి. 0.35 ఆంపియర్ల లీకు రోజుకి 8.4 ఆంపియర్-అవర్లు తింటుంది. మూడు రోజుల్లో 25. చిన్న కారు బ్యాటరీ మొత్తం 35. నాలుగో రోజున మీకు వినబడుతున్న టక్‌టక్ ఇదే. నిజానికి 50 మిల్లీ ఆంపియర్ల ఆరోగ్యకరమైన లీకు కూడా మూడు వారాల్లో అదే పని చేస్తుంది. నెల రోజులు ఊరు వెళ్లేవాళ్లు మైనస్ తీసి వెళ్లడం అందుకే.

లీకు ఎక్కువగా ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ మీటరు చూడండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్లో ఉన్నాడు. తీసిన ఫ్యూజు వెంటనే తిరిగి పెట్టొద్దు, పెడితే నిద్రపోయిన కంప్యూటరు మళ్లీ లేచి అరగంట వృథా.

మీ బండిలో నేను మొదట అనుమానించేది స్టీరియో వెనక వైర్లని. పసుపు వైరుకి ఎప్పుడూ 12 వోల్టులు ఉండాలి, సెట్టింగులు గుర్తుంచుకునేది దానితోనే. ఎరుపు వైరుకి తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు రావాలి. తొందరలో బిగించేవాళ్లు రెంటినీ మెలేసి నేరుగా బ్యాటరీ లైనుకి తగిలిస్తారు. తాళం తీసినా స్టీరియో మేలుకునే ఉంటుంది. (రెండూ తాళం లైనుకే ఇస్తే దీనికి తలకిందులు: రోజూ గడియారం, స్టేషన్లు మాయం.) వైరింగు సరిగ్గానే ఉన్నా, ఆండ్రాయిడ్ సెట్లు కొన్ని త్వరగా తెరుచుకోవడం కోసం రోజుల తరబడి కునుకులోనే ఉంటాయి. సెట్టింగ్స్‌లో స్లీప్ టైము ఉంటే వెంటనే ఆఫ్ అయ్యేలా మార్చండి. డ్యాష్ కెమెరా పార్కింగ్ మోడ్‌లో (బండి ఆగి ఉన్నా రికార్డు చేసేది) ఉంటే పావు ఆంపియరు అటూ ఇటూగా లాగుతూనే ఉంటుంది. దాని హార్డ్‌వైర్ కిట్‌లో (కెమెరాని నేరుగా కారు వైరింగుకి కలిపేది) కటాఫ్, అంటే కెమెరా తనంతట ఆగిపోయే వోల్టేజి, 12.2 వోల్టులకు పెట్టండి, లేదా పార్కింగ్ మోడ్ మానేయండి.

ఇంకో మాట. సముద్రం పక్కన ఉంటున్నారు కాబట్టి క్లాంపులు ఊడదీసినప్పుడు లోపలి ముఖం చూడండి. తెల్లటి, ఆకుపచ్చటి బూజులాంటిది కనిపిస్తే కప్పు వేడినీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకుండా చూసుకోండి. కడిగి, ఆరనిచ్చి, బిగించాక పైన వాజలిన్ పూయండి. ముందే పూస్తే కాంటాక్టు చెడుతుంది. తీసేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ చివర.

లీకు ఆపేశాక ఆ బ్యాటరీని మూడున్నర ఆంపియర్ల దగ్గర రాత్రంతా బయటి ఛార్జరు మీద పెట్టించండి. ఇంటి నుంచి ఆర్కే బీచ్ దాకా వెళ్లొస్తే అది నిండదు. అన్నిసార్లు పూర్తిగా అడుగంటిన బ్యాటరీ కొంత దెబ్బతినే ఉంటుంది, కొత్తది కొనే యోగం ఉంటే అదైనా లీకు పట్టాకే.

ప్రశ్న: డిక్కీలో ఆంప్లిఫయరు, వూఫరు పెట్టించాను. ఇంజను ఆపి వింటే పాట శుభ్రంగా ఉంటుంది. స్టార్ట్ చేస్తే సన్నటి కూత, యాక్సిలరేటరుతో పాటు పైకి లేస్తుంది. ఫిల్టరు కొనమంటున్నారు. – గాజువాక

కొనకండి, ఇప్పుడే కాదు. ఆ కూత ఆల్టర్నేటరుది. ఇంజను వేగంతో దాని శ్రుతి మారడమే సాక్ష్యం. అది ఏ దారిన ఆంప్లిఫయరులోకి దూరుతోందన్నదే ప్రశ్న.

స్టీరియో వాల్యూము సున్నాకి తెచ్చి వినండి. కూత అప్పుడూ అంతే ఉంటే, అది స్టీరియో దాటాకే చేరుతోంది: ఆర్‌సీఏ కేబులు (స్టీరియో నుంచి ఆంప్లిఫయరుకి పాట మోసుకెళ్లే వైరు) లేదా ఆంప్లిఫయరు ఎర్త్. వాల్యూముతో పాటు పెరిగి తగ్గుతుంటే స్టీరియో దగ్గరో, దానికి పాట ఇస్తున్న ఫోను దగ్గరో. తర్వాత సిస్టము ఆఫ్ చేసి ఆంప్లిఫయరు వైపు ఆర్‌సీఏ పిన్నులు పీకి మళ్లీ ఆన్ చేయండి. నిశ్శబ్దం అయితే ఆంప్లిఫయరు నిర్దోషి. ఇంకా కూస్తుంటే దాని ఎర్త్ చూడాలి. ఆన్‌లో ఉండగా మాత్రం ఆ పిన్నులు పీకొద్దు, పెట్టొద్దు. కొన్ని స్టీరియోల్లో ఆర్‌సీఏ బయటి రింగుకి లోపల వెంట్రుకంత ఫ్యూజు ఉంటుంది, అది పోతే పుట్టేది సరిగ్గా ఈ కూతే. పరీక్ష సులువు: చిన్న వైరుతో ఆర్‌సీఏ బయటి రింగుని స్టీరియో ఇనుప డబ్బాకి తాకించండి. కూత ఆగిందంటే ఆ ఫ్యూజు పోయింది.

ఎర్త్ సంగతి కాస్త నింపాదిగా చూడాలి, ఎక్కువ బండ్లలో దొరికేది అక్కడే. నల్ల వైరు బిగించిన బోల్టు ఊడదీసి కింద ఏముందో చూడండి. రంగు కనిపిస్తే అది ఎర్త్ కాదు, అలంకారం. రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, ఇనుము తళతళలాడేదాకా రుద్ది, పళ్ల వాషరుతో రింగు లగ్ బిగించి, ఆ పైన రంగో గ్రీజో పూయండి. లేకపోతే మన ఉప్పుగాలికి త్వరలోనే మళ్లీ తుప్పు. సీటు బెల్టు బోల్టుకి మాత్రం తగిలించొద్దు. వైరు పొడవు 45 సెంటీమీటర్లు దాటకూడదు, ప్లస్ వైరు ఎంత లావో ఇదీ అంతే ఉండాలి. బిగించాక, ఇంజను నడుస్తూ పాట గట్టిగా మోగుతుండగా, బ్యాటరీ మైనస్‌కీ ఆంప్లిఫయరు ఎర్త్ స్క్రూకీ మధ్య డీసీ వోల్టేజి కొలవండి. మీటరు వైరుకి పొడవాటి తీగ జోడించుకోవాలి. 0.1 వోల్టు లోపు ఉంటే చాలా మంచిది. 0.4, 0.5 అంటే ఇంకా ఎక్కడో పట్టు లేదు.

వైరే నాసిరకం కావచ్చు. నాలుగు గేజ్ (వైరు లావు కొలత) అని అమ్మేవాటిలో రాగి పూసిన అల్యూమినియం ఎక్కువ. ఒక పోగుని బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే అదే. అదే లావు రాగి వైరంత కరెంటు మోయలేదు, బిగించిన చోట త్వరగా పాడవుతుంది.

ఆర్‌సీఏ కేబులు ప్లస్ వైరుతో కలిసి ఒకే పక్క నుంచి వెళ్తుంటే విడదీసి చెరో గుమ్మం కిందుగా వేయించండి. ఆంప్లిఫయరు గెయిన్ చివరిదాకా తిప్పి ఉంటే తగ్గించండి. అది వాల్యూము నాబు కాదు, ఉన్న చప్పుడునంతా పెంచే మీట. స్టీరియోని ముప్పావు వాల్యూములో పెట్టి, పాట చిట్లేదాకా గెయిన్ పెంచి, కొంచెం వెనక్కి తిప్పితే సరి.

ఇవన్నీ అయ్యాకా కూస్తుంటే ఆల్టర్నేటరు డయోడ్లు (దాని ఏసీని డీసీగా మార్చేవి) చూడాలి. ఇంజనుని 2000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, హెడ్‌లైట్లు వేసి, మీటరుని ఏసీ వోల్టుల్లో పెట్టి బ్యాటరీ మీద కొలవండి. 0.1 వోల్టు లోపు ఉంటే మంచిదే. అర వోల్టు దాటితే డయోడు పోయినట్టు. చవక మీటర్లు కొన్ని ఇక్కడ 28 అని చూపించి హడలెత్తిస్తాయి. మొనలు తారుమారు చేయండి, సున్నా వచ్చిందంటే ఆ మీటరుకి డీసీ మీద ఏసీ కొలవడం రాదని అర్థం.

వెళ్తూ వెళ్తూ ఒకటి చూడండి: ఆంప్లిఫయరుకి వెళ్లే ప్లస్ వైరులో, బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఫ్యూజు ఉందా, ఇంజను గోడలోంచి వైరు దూరే చోట రబ్బరు బుష్ ఉందా? లేకపోతే కూత సంగతి తర్వాత, ముందు అవి పెట్టించేదాకా ఆ ప్లస్ వైరు ఊడదీసి ఉంచండి. రేకు అంచుకి కోసుకుపోతే బండి తగలబడుతుంది.

ప్రశ్న: కొత్త టచ్ స్టీరియో పెట్టించాక 98.3 మిర్చి కూడా గరగరే. పాత సెట్టులో బాగా వచ్చేది. – మధురవాడ

రూఫు మీద ఉండే పొట్టి యాంటెన్నాల్లో చాలావాటికి అడుగున బూస్టరు ఉంటుంది. దానికి కరెంటు పంపేది స్టీరియో వెనక నీలం వైరు. కొత్త సెట్టు పెట్టినప్పుడు దాన్ని టేపు చుట్టి వదిలేస్తుంటారు. రేడియో ఆన్ చేసి నీలం వైరుకీ ఎర్త్‌కీ మధ్య 12 వోల్టులు ఉన్నాయో లేదో చూసి, యాంటెన్నా బూస్టరు వైరుకి కలిపించండి. తెల్ల గీత ఉన్న నీలం వైరు వేరు, అది ఆంప్లిఫయరుకి. కలిపినా గరగర పోకపోతే డ్యాష్ కెమెరా, యూఎస్‌బీ ఛార్జరు పీకి వినండి, నాసిరకం ఛార్జర్లు ఎఫ్‌ఎం మీద బాగా చప్పుడు చేస్తాయి. సింహాచలం కొండ మలుపుల్లో వచ్చే గరగరకి మాత్రం మందు లేదు, ఎఫ్‌ఎం తరంగాలకు కొండ అడ్డం.

ప్రశ్న: ఆక్స్ వైరుతో పాట వింటూ ఫోను ఛార్జింగు పెడితే బుయ్‌మని మోత. – సీతమ్మధార

ఫోనుకి ఛార్జరు దారిన ఒక ఎర్త్, ఆక్స్ దారిన ఇంకో ఎర్త్ దొరికి రెండూ చుట్టు తిరుగుతున్నాయి. గ్రౌండ్ లూప్ ఐసొలేటరు అని 3.5 మిల్లీమీటర్ల పిన్నుతో చిన్న డబ్బీ దొరుకుతుంది, ఆక్స్ మధ్యలో పెట్టండి. చవకదానిలో బేస్ కొంచెం పలచబడుతుంది. బ్లూటూత్ ఉంటే అసలు ఈ గొడవే లేదు.

ప్రశ్న: ఒక హెడ్‌లైటు పసుప్పచ్చగా, నీరసంగా ఉంది. 100/90 వాట్ల బల్బు వేయమంటున్నారు. – పెందుర్తి

వద్దు. కంపెనీ వైరింగు 60/55 వాట్లకు లెక్కేసినది, అంటే సుమారు 5 ఆంపియర్లు. కొత్త బల్బు ఎనిమిది పైన లాగి కప్లరుని, అంటే బల్బు వెనక వైర్ల ప్లగ్గుని, కరిగిస్తుంది. లైటు వెలుగుతుండగా ఆ బల్బు ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలవండి. అర వోల్టు దాటితే ఎర్త్ తుప్పు, శుభ్రం చేస్తే చాలు. కప్లరు గోధుమరంగుకి మాడి ఉంటే పింగాణీది వేయించండి. రెండూ బాగుంటే అద్దం లోపలి రిఫ్లెక్టరు మసకబారిందేమో చూడండి.

ప్రశ్న: టైరులో గాలి కొట్టే పంపు పెట్టాక ఛార్జింగు సాకెట్టు చచ్చిపోయింది. – తగరపువలస

ఫ్యూజు ఎగిరింది. బాక్సు మూత మీద బొమ్మ చూసి సాకెట్టు ఫ్యూజు పీకండి, ఎక్కువ బండ్లలో 15 ఆంపియర్ల నీలిరంగుది. పెట్టే ముందు టార్చితో సాకెట్టు అడుగు చూడండి, చిల్లర నాణెం పడి ఉంటే కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతుంది. పసుపు 20, ఆకుపచ్చ 30. అందుబాటులో ఉంది కదా అని పెద్దది పెట్టొద్దు, అప్పుడు ఫ్యూజుకి బదులు వైరు కాలుతుంది. పంపుని ఇకమీద ఇంజను నడుస్తుండగా, ఒక్కో టైరుకి మధ్య కాస్త విరామం ఇచ్చి వాడండి. దాని మీద 120 వాట్లకు మించి రాసి ఉంటే సాకెట్టుకి కాక బ్యాటరీకే తగిలించుకునే క్లిప్పుల రకం తీసుకోండి.