మొదటిసారి పార్లమెంటు ఎన్నికలను గమనించబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, ఒంగోలు నుంచి మామయ్య ఆశీస్సులు.

రాబోయే సార్వత్రిక ఎన్నికలను మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా గమనించాలని ఉందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ నువ్వు రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. నేను చెప్పదలచినది ప్రధానంగా ఒక్కటే. మన రాష్ట్రంలో 1999 నుంచి 2024 దాకా లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు ప్రతిసారీ కలిసే జరిగాయి. అందువల్ల ఎంపీ ఎన్నిక ఎమ్మెల్యే ఎన్నిక చాటున పడి ఎవరికీ కనిపించకుండా పోతోంది. నువ్వు దాన్ని విడిగా చూడడం నేర్చుకోవాలి. నేను పోలింగు విధులు చేసిన రోజుల్లో, గులాబీ కాగితం ఉన్న అసెంబ్లీ యంత్రం దగ్గర తడుముకోకుండా మీట నొక్కినవాళ్లే, తెల్ల కాగితం ఉన్న పార్లమెంటు యంత్రం దగ్గరికి వచ్చేసరికి పేర్లు చదువుకుంటూ నిలబడిపోయేవారు. ఒక్క ఎంపీ వల్ల ఏమవుతుందని ఎవరైనా అంటే, 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయిందని వాళ్లకు గుర్తుచెయ్యి.

ముందుగా ఓటర్ల జాబితాలో నీ పేరు ఉందో లేదో చూసుకుని, లేకపోతే కొత్త ఓటరుగా నమోదుకు ఫారం 6 పెట్టు. ఆ తర్వాత నీ స్థానం ఏదో సరిగ్గా తెలుసుకో. మీ చీమకుర్తి వాళ్లకు కలెక్టరేటు అయినా, పెద్దాసుపత్రి అయినా ఒంగోలే కానీ, మీ ఊరున్న సంతనూతలపాడు అసెంబ్లీ నియోజకవర్గం మాత్రం ఎస్సీలకు రిజర్వు చేసిన బాపట్ల లోక్‌సభ స్థానంలో ఉంది. నెల్లూరు జిల్లాలోని ముత్తుకూరు, వెంకటాచలం వాళ్లది కూడా ఇదే పరిస్థితి. వాళ్ల సర్వేపల్లి నియోజకవర్గం తిరుపతి స్థానం కిందికి వస్తుంది. ఒంగోలు అభ్యర్థుల ప్రసంగాలన్నీ విని, తీరా ఓటు వేయవలసిన అభ్యర్థి గురించి ఏమీ తెలియకుండా బూత్‌కు వెళ్లడం నీకు తగదు.

ప్రచారం వినేటప్పుడు, ఏ సమస్య ఢిల్లీలో తేలుతుందో, ఏది అమరావతిలో తేలుతుందో వేరుచేసి చూడు. మన రైతులు పొగాకు ఎంత పండించాలో నిర్ణయించేది, టంగుటూరు, కొండపి వంటి చోట్ల వేలం కేంద్రాలు నడిపేది కేంద్ర వాణిజ్య శాఖ కింద ఉన్న పొగాకు బోర్డు. మన రొయ్యల మీద విదేశాలు సుంకం పెంచితే వాళ్లతో మాట్లాడవలసినది కూడా కేంద్రమే. నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం కట్టేది కేంద్రం కింద ఉన్న రైల్వే శాఖ. వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు కట్టేది మాత్రం రాష్ట్ర ప్రభుత్వం. లోక్‌సభకు నిలబడిన మనిషి పొగాకు ధర గురించి ఒక్క మాటైనా మాట్లాడకుండా పింఛన్ల గురించి, ఊరి రోడ్ల గురించే చెబుతున్నాడంటే, ఆ సంగతి నువ్వు రాసి పెట్టుకోవలసిందే. నామినేషనుతో పాటు ప్రతి అభ్యర్థీ తన ఆస్తులు, అప్పులు, చదువు, క్రిమినల్ కేసుల వివరాలతో అఫిడవిట్ ఇస్తారు. అది ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చదవవచ్చు. పాత అభ్యర్థి అయితే గతంలో ఇచ్చిన దానిని కూడా పక్కన పెట్టుకుని చదువు.

ఇక అంకెల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండు, ఎందుకంటే చదువుకున్నవాళ్లు సైతం పొరపడేది ఇక్కడే. ఓట్ల శాతం వేరు, సీట్లు వేరు. 2019లో బీజేపీకి సుమారు 37 శాతం ఓట్లతో 303 సీట్లు వచ్చాయి. 2024లో ఓట్లు ఒక్క శాతం కూడా తగ్గలేదు కానీ సీట్లు 240కి పడిపోయి, మెజారిటీకి అవసరమైన 272 కోసం మిత్రపక్షాల మీద ఆధారపడవలసి వచ్చింది. మన అసెంబ్లీలో అదే ఏడాది వైఎస్సార్‌సీపీకి 39 శాతం పైగా ఓట్లు వచ్చినా, ఎదుటి పక్షాలు మూడూ కూటమి కట్టినందువల్ల 175 స్థానాల్లో 11 మాత్రమే దక్కాయి. ఓట్లు ఎంత వచ్చాయన్నదే కాక, ఎక్కడ వచ్చాయి, ఎదుట ఎంతమంది చీలి నిలబడ్డారు అన్నది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది. అందుకే ఎగ్జిట్ పోల్స్‌ను నమ్మి ఎవరితోనూ వాదనకు దిగవద్దు. 2004లోనూ, 2024లోనూ అవి చెప్పిన సీట్లకూ, వచ్చిన సీట్లకూ చాలా దూరం ఉంది.

లెక్కింపు రోజు ఉదయం 8 గంటలకు పోస్టల్ బ్యాలెట్లతో మొదలవుతుంది. ఆ తర్వాత యంత్రాల ఓట్లు బూత్‌ల వరుస సంఖ్య ప్రకారం రౌండ్లవారీగా బయటికి వస్తాయి కనుక, తొలి రౌండ్ల ఆధిక్యం ఆ రౌండ్లలో వచ్చిన ఊళ్ల మొగ్గును మాత్రమే చెబుతుంది. నీ లోక్‌సభ స్థానంలోని ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలనూ ఒక కాగితం మీద గీసుకుని రౌండు రౌండుకూ ఆధిక్యం రాసుకుంటూ వెళితే, ఏ మండలం ఎటు మొగ్గిందో ఎవరూ చెప్పకుండానే నీకే తెలుస్తుంది.

ఫలితం రాగానే ఆపేయకు. గెలిచిన సభ్యులు లోక్‌సభలో అడిగిన ప్రశ్నలు, వాటికి మంత్రులు ఇచ్చిన జవాబులు సభ వెబ్‌సైటులో పెడతారు. మొదటి సమావేశాలు ముగిశాక మీ ఎంపీ అడిగిన ప్రశ్నల జాబితా తీసి, అందులో మన ప్రాంతానికి సంబంధించినవి గుర్తుపెట్టి, నాకు ఒక ప్రతి పంపు.

ఇట్లు,
మీ మామయ్య